పెట్టెమీది అంకెయు, పనిలోని వేగమును

సోమాజిగూడ నుండి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట మైత్రీవనము వరకు మెట్రో రైలులో కొద్ది నిమిషముల ప్రయాణమే యైనను, ఆ కొద్ది మేరలో కంప్యూటరును నమ్ముకొని బ్రతుకు వృత్తులెన్ని కలవో లెక్కింపబూనినవాడు ఆశ్చర్యపడక మానడు. ప్రెస్ క్లబ్బుకును, చిరకాలము ఈనాడు దినపత్రిక కార్యాలయమునకును నిలయమైన సోమాజిగూడలో వార్తాదృశ్యములను కోసి కూర్చెడి ఎడిటర్లు, ఆసుపత్రులలో సి.టి. స్కాన్ బొమ్మలను తెరమీద త్రిప్పి త్రిప్పి పరీక్షించు వైద్యులు, అమీర్‌పేట ఆదిత్య ఎన్‌క్లేవు మెట్లమీద ఒకరినొకరు ఒరసికొనుచు క్లౌడ్, డేటా ఇంజనీరింగ్ తరగతులకు పరుగెత్తు యువజనులు, ఇటు బంజారాహిల్స్ వైపు మళ్లినచో చలనచిత్రములకు గ్రాఫిక్స్ చేయువారు, వీరందఱు కోరునది వేగమైన యంత్రమే. వీరందఱకును అంగడివాడు చూపునది ఎస్ఎస్‌డీ పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చయిన ఒక్క అంకెయే: సెకండుకు 7,000 మెగాబైట్లు, మఱికొంత సొమ్ము పెట్టినచో 14,000 మెగాబైట్లు. ఆ అంకె అసత్యమని నేననను. మిక్కిలి అనుకూలమైన క్షణములో, మిక్కిలి అనుకూలమైన పనిలో ఆ పరికరము చూపగల ప్రతాపమది. మన దినచర్యలో అట్టి క్షణము లెన్ని వచ్చునన్నది పెట్టెమీద వ్రాసి యుండదు. దానిని కొనువాడే విచారించుకొనవలెను.

విచారణకు ముందుగా ర్యామునకును, ఎస్ఎస్‌డీకిని గల స్వభావభేదమును గ్రహింపవలసి యున్నది. రెండును సిలికాను చిప్పులే, రెండింటి పరిమాణమును గిగాబైట్లలోనే చెప్పుదురు గనుక, ఒకటి కొఱతపడినచో రెండవది ఆదుకొనునని చాలమంది తలంతురు. నేటి ర్యామునకు మూలమైన డీర్యామ్ కణమును 1966లో ఐ.బి.ఎం. సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ ఊహించి 1968లో పేటెంటు పొందెను. ఆ కణములో నుండునది ఒక ట్రాన్సిస్టరు, ఒక అతిసూక్ష్మమైన కెపాసిటరు మాత్రమే. కెపాసిటరులో విద్యుదావేశ మున్నచో ఒకటి, లేనిచో సున్న. ఆ ఆవేశము నిరంతరము కారిపోవుచునే యుండును గనుక, సాధారణోష్ణతలో ప్రతి 64 మిల్లీసెకండ్లకు లోపలనే ప్రతి కణమును చదివి మఱల నింపవలెను. కరెంటు పోయిన మఱుక్షణమున సర్వము శూన్యము. ఇక ఎస్ఎస్‌డీలోని ఫ్లాష్ జ్ఞాపకమునకు 1967లో బెల్ ల్యాబ్స్ నందు డావన్ కాంగ్, సైమన్ సే అనువారు చూపిన తేలియాడు గేటు ఆధారమైనది. జపాను దేశమున తోషిబా సంస్థలో ఫూజియో మసువోకా ఆ సూత్రమునే పెంపొందించి, 1987లో నాండ్ అమరికను లోకమునకు తెలిపెను. ఇందు ఆవేశము నలువైపుల విద్యుద్బంధకముచే చుట్టబడిన చెఱలో చిక్కియుండును. కరెంటు లేకున్నను పారిపోదు. అయితే ఆ చెఱలోనికి ఎలక్ట్రానులను నెట్టుటకు అధిక వోల్టేజి వలయును, నెట్టిన ప్రతిసారియు బంధకము కొంత నలుగును, చెఱిపివేయుట యన్ననో పుట పుటగా సాధ్యముగాక పెద్ద పెద్ద ఖండములుగా మాత్రమే సాధ్యమగును. ఎస్ఎస్‌డీ చూపెడి మంచి చెడ్డలన్నియు ఈ మూడు సంగతుల నుండియే పుట్టినవి.

కాలమానమున చూచినచో ఈ భేదము మఱింత స్పష్టమగును. ప్రాసెసరు అడిగిన అక్షరమును ర్యామ్ రమారమి 100 నానోసెకండ్లలో తెచ్చి యిచ్చును. ఫ్లాష్ జ్ఞాపకము అదే పనికి 50 నుండి 100 మైక్రోసెకండ్లు తీసికొనును, అనగా ఇంచుమించు వేయి రెట్లు. నిమిషమునకు 7,200 మారులు తిరుగు హార్డ్ డిస్కు, సగము చుట్టు తిరుగుటకే నాలుగు మిల్లీసెకండ్లు పట్టుటచే, మొత్తముమీద పది మిల్లీసెకండ్ల వఱకు నిలుపును. 1967లో మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసిన నాటి కంప్యూటర్లలో జ్ఞాపకమనగా తీగలపై గ్రుచ్చిన ఫెర్రైటు వలయములు. అవి మైక్రోసెకండుకు అటునిటుగా పలికెడివి. నాటినుండి నేటివఱకు జ్ఞాపకముయొక్క పరిమాణము లక్షల రెట్లు పెరిగినది గాని, ఆలస్యము మాత్రము అంత ఉదారముగా తగ్గలేదు.

ఇందుచేత నేను మొదట అడుగునది ఎస్ఎస్‌డీ గుఱించి కాదు, ర్యామ్ ఎంత యని. పని ర్యాములో పట్టక పొంగిపొరలినపుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత భాగమును ఎస్ఎస్‌డీలోనికి తోసివేసి, కావలసినపుడు తిరిగి తెచ్చుకొనును. అప్పుడు వేయి రెట్ల ఆలస్యము మన కంటికే కనబడును: మౌసు బాణము నిలిచిపోవును, అక్షరములు కొట్టిన కొంతసేపటికి గాని తెరమీదికి రావు. ఎంత ఖరీదైన ఎస్ఎస్‌డీయు ఈ జబ్బును కుదుర్చలేదు.

ఎంత చాలునన్నది వృత్తిని బట్టి యుండును. 2012లో విడుదలైన ‘ఈగ’ చిత్రములో ప్రాణము లేని బొమ్మకు ప్రాణము పోసి మకుట సంస్థ జాతీయ పురస్కారము నందుకొన్నది మొదలు, 2015లో ‘బాహుబలి’ వచ్చి ఆ రంగమునందు ఇచ్చటివారి ఆశలను మిన్నంటించుట వఱకు, హైదరాబాదున గ్రాఫిక్స్ పని విస్తరించినది. కనుక ఆ పనియొక్క లెక్కయే చూతము. 4,096 చుక్కల వెడల్పు, 2,160 చుక్కల ఎత్తు గల ఒక ఫ్రేమును పది బిట్ల డీపీఎక్స్ రూపమున దాచినచో చుక్కకు నాలుగు బైట్లు, ఫ్రేమునకు సుమారు 35 మెగాబైట్లు. సెకండుకు 24 ఫ్రేములు గనుక తెరమీద తడబాటు లేక ఆడుటకు సెకండుకు 850 మెగాబైట్లు కావలెను. సాటా తీగతో తగిలించెడి ఎస్ఎస్‌డీ సెకండుకు 550కి మించి ఇయ్యజాలదు గనుక అచ్చట బొమ్మ నత్తినత్తిగా నడచును. మూడవ తరము పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 3,500 ఇచ్చును. అవసరమునకు నాలుగు రెట్లు. అయిదవ తరముది 14,000 ఇచ్చినను ఆ షాటు 24 ఫ్రేముల వేగముతోనే గదా ఆడవలెను! ఇక అదే షాటునకు రంగులద్ది, పొరలు కలిపి, మఱల మఱల త్రిప్పి చూచుకొనుటకు ఫ్రేములను ర్యాములో నిలుపుకొందురు. ఒక నిమిషము నిలుపుటకే 51 గిగాబైట్లు పట్టును. 64 గిగాబైట్ల యంత్రములో సిస్టమునకు, సాఫ్టువేరునకు పోగా ఆ నిమిషము ఇఱుకుగా మాత్రమే పట్టును. ఈ పనివానికి 128 గిగాబైట్లు విలాసము కాదు. నాలుగవ తరము ఎస్ఎస్‌డీతో తృప్తిపడి, మిగిలిన సొమ్మును ర్యాముపై పెట్టుటయే వివేకము.

రేడియాలజిస్టు సంగతి వేరు. సి.టి. స్కాన్ పొర ఒక్కొక్కటి అడ్డము 512, నిలువు 512 చుక్కలు, చుక్కకు రెండు బైట్లు. అనగా అర మెగాబైటు. వేయి పొరల పరీక్షయైనను సుమారు 525 మెగాబైట్లే. సాటా ఎస్ఎస్‌డీ నుండియైనను ఒక సెకండులో వచ్చి ర్యాములో కూర్చుండును; ఆలస్యమేదేని యున్నచో అది ఆసుపత్రి నెట్‌వర్కుది. అమీర్‌పేట విద్యార్థికి మాత్రము 16 గిగాబైట్లు చాలవు. చిన్న క్లస్టరును అభ్యసించుటకు మూడు వర్చువల్ మెషీన్లను తెఱచి తలకు నాలుగేసి గిగాబైట్లు ఇచ్చుసరికి పన్నెండు చెల్లిపోవును. మిగిలిన నాలుగింట విండోసు, బ్రౌజరు, యూట్యూబులోని పాఠము ఇమడవలెను. అతడు 32కు పోవుట మేలు. వెలుగులు చిమ్మెడి రంగురంగుల ర్యామ్ కడ్డీలు మాత్రము అతని విద్యకు ఏ విధమునను తోడ్పడవు.

పరిమాణము తేలిన పిదప ర్యామ్ వేగము విచారింపదగును. ఇచ్చట ఒక చిన్న గణితము ప్రకటనల మాయను చాలవఱకు తొలగించును. కడ్డీమీద సీఎల్ అని వ్రాసిన అంకెను 2,000తో హెచ్చించి, దాని వేగపు అంకెతో భాగించినచో, కణముల వరుస ముందే తెఱచి యున్నపుడు మొదటి అక్షరము వచ్చుటకు పట్టు కాలము నానోసెకండ్లలో వచ్చును. ఇరువది యేండ్ల క్రిందటి డీడీఆర్-400, సీఎల్ 2: పది నానోసెకండ్లు. డీడీఆర్4-3200, సీఎల్ 16: పది. నేటి డీడీఆర్5-6000, సీఎల్ 30: అదియు పదియే. డీడీఆర్5 అని ముచ్చటపడి కొన్న 4800, సీఎల్ 40 కడ్డీకి ఈ లెక్క ఇంచుమించు 16.7! పెరిగినది ఆలస్యమును జయించు శక్తి కాదు, ఒక్క విడతలో మోసెడి బరువు: కడ్డీకి సెకండుకు 3.2 గిగాబైట్ల నుండి 25.6కు, అచ్చటినుండి 48కి. అనేక కోరులు ఒక్కసారిగా డేటాను లాగికొను వీడియో ఎన్‌కోడింగు, ద్రవములు పొగలు మంటలు కల్పించు సిమ్యులేషన్లు ఈ బరువువలన లాభపడును. ఎక్సెల్ పట్టికకు దాని గొడవయే లేదు.

ఒకే కడ్డీ పెట్టి, ప్రాసెసరునకు పోవు రెండవ చానెలును ఖాళీగా ఉంచిన వారు ఆ బరువులో సగమును వదలుకొన్నవారగుదురు గనుక జతగా కొనుట మంచిది. మొదట రెండు కడ్డీలు కొని, పిమ్మట వీలునుబట్టి మఱి రెండు చేర్చుదమన్న సంసారపక్షపు ఆలోచన డీడీఆర్4 నాళ్లలో చెల్లినది గాని, సామాన్య డెస్క్‌టాప్ మదర్‌బోర్డులపై డీడీఆర్5 నాలుగు కడ్డీలు నింపినపుడు బోర్డు వేగమును గణనీయముగా తగ్గించివేయును. 64 కావలసినవాడు నాలుగు 16లకు బదులు రెండు 32లు కొనవలెను. కడ్డీమీది చీటిని చేతబట్టుకొని చదువుట నేర్చినచో అంగడిలో సగము చర్చ తప్పును: ‘1ఆర్ ఎక్స్ 8’ అని యున్నచో ఒక్క ర్యాంకు, ఎనిమిది బిట్ల వెడల్పుగల చిప్పులు అని యర్థము; ఈసీసీ (దోషసవరణ) లేని కడ్డీ యైనచో వేలితో లెక్కింపగా ఎనిమిది నల్లని చిప్పులు సరిగా కనబడును.

ఈసీసీ ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. డీడీఆర్5 చిప్పులన్నింట లోపల ఒకవిధమైన దోషసవరణ కలదు. దానిని చూపి “ఇది ఈసీసీ ర్యామే సార్” అని అమ్ముటయు కలదు. ఆ సవరణ చిప్పు గోడలలోపలి తప్పులకు మాత్రమే. చిప్పు నుండి ప్రాసెసరు చేరు దారిలోని తప్పులను పట్టుటకు అదనపు చిప్పులున్న నిజమైన ఈసీసీ కడ్డీయు, దానిని గుర్తించు ప్రాసెసరును, బోర్డును వలయును. రాత్రింబవళ్లు నడచు ఇంజనీరింగ్ గణనలకు, పదిమంది ఆధారపడిన డేటాబేసునకు నేను దానిని తప్పనిసరియందును. పెండ్లి వీడియో కత్తిరించువాడు దానికై అప్పు చేయనక్కఱలేదు. సర్వరుల రిజిస్టర్డ్ కడ్డీలు చౌకగా దొరకినవని తెచ్చువారు కలరు. డీడీఆర్5లో అవి సామాన్యపు బోర్డులోని గాడికి పట్టనే పట్టవు.

ఇప్పుడు ఎస్ఎస్‌డీని చేతిలోనికి తీసికొందము. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. అందుచేతనే 2280 అని పేరు. ఒక కొనయందు బంగారు రంగు పండ్లు, వాని నడుమ ఒక గంటు. రెండు గంట్లున్నచో సాధారణముగా అది ఎం.2 రూపమున నున్న సాటా పరికరమే గనుక జాగ్రత్తపడవలెను. గంటుకు దాపున కంట్రోలరు చిప్పు, దానిప్రక్క కొన్నింట చిన్న డీర్యామ్ చిప్పు, ఆవల నల్లని ఫ్లాష్ పలకలు. ఏ డేటా ఏ కణములో నున్నదో తెలుపు చిట్టా ఆ డీర్యాములో నుండును. అది లేని చౌకవి కంప్యూటరు ర్యాములోనే కొంత అరువు తీసికొని నడచును. తేలిక పనులకు ఆ అరువు చాలును గాని, వందల గిగాబైట్ల ఫైలులో నలుమూలల వెదకెడి డేటాబేసు పనికి చాలదు.

ఫ్లాష్ కణములో మూడు బిట్లు దాచుటను టీఎల్‌సీ యందురు; అప్పుడు ఎనిమిది ఆవేశపు మెట్లను వేఱుపఱచి చదువవలెను. నాలుగు బిట్లు దాచు క్యూఎల్‌సీకి పదునాఱు మెట్లు. మెట్లు పెరిగినకొలది వ్రాత మెల్లనగును, ఆయుర్దాయము తగ్గును, ధరయు తగ్గును. ఈ మెల్లదనమును కప్పిపుచ్చుటకు తయారీదారులు కొంత భాగమును కణమునకు ఒక్క బిట్టు చొప్పున వేగముగా వ్రాసి, తీరిక దొరికినపుడు లోపల సర్దుదురు. అమీర్‌పేట టిఫిన్ సెంటరులో ఉదయమున ముందే ఉడికించి ఉంచిన ఇడ్లీలు అడిగిన క్షణముననే ప్లేటులోనికి వచ్చును. తరగతి విడిచి వంద మంది ఒక్కసారి వచ్చినపుడో, తరువాతి వాయ దిగువఱకు నిలువక తప్పదు. పెట్టెమీది అంకె ఆ మొదటి ఇడ్లీల వేగము. అయిదు వందల గిగాబైట్ల షూటింగు ఫుటేజీని ఒక్కబిగిని కాపీ చేయునపుడు ఆ సిద్ధాన్నము అయిపోయి, మంచి టీఎల్‌సీ ఎస్ఎస్‌డీ యైనచో వేయి రెండువేల మెగాబైట్లకు దిగి నిలుచును. చౌక క్యూఎల్‌సీలు కొన్ని పాత హార్డ్ డిస్కు కంటెను దిగజాఱును. డిస్కు నిండినకొలది ఈ వేగపు భాగము కుంచించుకొనిపోవును గనుక అయిదింట ఒక వంతు ఖాళీగా నుంచుట నా పద్ధతి.

చదువుటలో వేఱొక మర్మము కలదు. సిస్టము లేచునపుడు, ప్రోగ్రాము తెఱచునపుడు కావలసినవి నాలుగేసి కిలోబైట్ల చిన్న తునకలు, అదియు ఒకదాని తరువాత ఒకటి. తునకకు 50 మైక్రోసెకండ్లు పట్టినచో సెకండుకు ఇరువది వేల తునకలు. అనగా 80 మెగాబైట్లు! 14,000 అని చాటు పరికరమును ఇట్టి పనిలో దాదాపు ఇంతే చూపును. 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణము పాత పద్ధతిలోని 32 ఆజ్ఞల ఏకైక వరుసను విడిచి, అఱువదివేలకు పైగా వరుసలకు చోటిచ్చిన మాట నిజమే గాని, అన్ని ఆజ్ఞలను ఒక్కసారి పంపగల పని సర్వరులకే యుండును. విండోసు లేచు సమయము మూడవ తరమునకును అయిదవ తరమునకును పెద్దగా మాఱకుండుటకు కారణమిదియే.

అఱిగిపోవునన్న భయము మాత్రము అతిశయోక్తి. ఒక టెరాబైటు టీఎల్‌సీ ఎస్ఎస్‌డీకి సాధారణముగా 600 టెరాబైట్ల వ్రాతకు హామీ ఇత్తురు; దినమునకు నూఱు గిగాబైట్లు వ్రాసినను పదునాఱేండ్లు. అంతకుముందే మన మదర్‌బోర్డు మూలపడును. నేను భయపడునది వేడికి. మే నెలలో హైదరాబాదున నీడలోనే నలువది డిగ్రీలు దాటునపుడు, గ్రాఫిక్స్ కార్డు క్రింద ఇఱుకైన గాడిలో కూర్చున్న అయిదవ తరము ఎస్ఎస్‌డీ ఎనుబది డిగ్రీలకు చేరి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తెగ్గోసికొనును. ఏ.సి. లేని గదిలో పనిచేయువాడు ఆ తరమునకు పెట్టిన అదనపు సొమ్ము వేసవి మధ్యాహ్నములలో ఆవిరియగును. హీట్‌సింకు బిగించునపుడు దాని మెత్తని పట్టీమీది పలుచని ప్లాస్టిక్ పొరను ఒలుచుట మఱచువారి సంఖ్య తక్కువ కాదు. ఆ పొర యున్నంతకాలము హీట్‌సింకు అలంకారమే.

కరెంటు విషయములో సర్వరు ఎస్ఎస్‌డీలకు కెపాసిటర్ల వరుస యుండి, హఠాత్తుగా దీపములారినను చేతిలోని డేటాను వ్రాసి ముగించుటకు కావలసిన శక్తి నిచ్చును. సామాన్యపు వానికి అది ఉండదు గనుక యూపీఎస్ పెట్టవలెను. మఱియు వాడి వాడి అఱిగిన ఎస్ఎస్‌డీ, కరెంటు లేక ముప్పది డిగ్రీల వేడిలో, ఒక్క సంవత్సరము డేటా నిలుపగలిగిన చాలునన్నదే జెడెక్ ప్రమాణము సామాన్య పరికరములకు విధించిన నియమము. ముగిసిన ప్రాజెక్టులను అందులో వ్రాసి బీరువాలో భద్రపఱచుట తగదు. ఆ పనికి హార్డ్ డిస్కులే నేటికిని ఉత్తమములు, అదియు రెండు ప్రతులు.

కొనుటకు అమీర్‌పేటలో బ్లూ లైను ఎక్కి ప్యారడైజులో దిగి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోవుట చాలమందికి వాడుక. కృత్రిమమేధ సర్వరుల గిరాకీవలన 2025 చివరనుండి ర్యామ్ ధరలు మండిపోవుచున్నందున ఉదయమడిగిన ధర సాయంకాలమునకు నిలుచునన్న భరోసా లేదు. 2019లో హైదరాబాదున పరిశోధనాభివృద్ధి కేంద్రమును తెఱచిన మైక్రాన్ సంస్థయే, 2025 డిసెంబరులో, క్రూషియల్ పేరిట సామాన్య కొనుగోలుదారులకు అమ్మెడి వ్యాపారమునుండి తప్పుకొందునని ప్రకటించినది. ఇట్టి కాలమున నకిలీలు పెరుగుట సహజము గనుక, బిల్లుమీద సీరియల్ నంబరు వ్రాయించుకొని, దానిని తయారీదారుని వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను.

కొనుటకంటె ముందు చేయదగినది మఱియొకటి కలదు. దానికి ఖర్చు లేదు. ఉన్న యంత్రములో ఎప్పటి పనిని ఎప్పటివలెనే చేయుచు టాస్క్ మేనేజరును ప్రక్కన తెఱచి యుంచవలెను. మెమొరీ రేఖ తొంబది శాతమునకు ఎగబ్రాకి అచ్చటనే యున్నచో ర్యామ్ కొనవలెను; మెమొరీ తీరికగా నుండి డిస్కు రేఖ నూఱు శాతమును తాకుచున్నచో ఎస్ఎస్‌డీ కొనవలెను; రెండును తీరికగానే యుండి ప్రాసెసరు రొప్పుచున్నచో ఈ రెండును కొనవలదు. కొని తెచ్చిన పిమ్మట ఆ రాత్రియే మెమ్‌టెస్ట్86 నడపి ర్యామును తెల్లవార్లు పరీక్షించి, మఱునాడు తన ప్రాజెక్టులలో అన్నింటికంటె పెద్ద ఫోల్డరును క్రొత్త ఎస్ఎస్‌డీలోనికి కాపీ చేయుచు గ్రాఫును కనిపెట్టి చూడవలెను. రేఖ ఎన్నవ గిగాబైటు వద్ద క్రుంగినదో, ఎంతకు క్రుంగి నిలిచినదో చూచుకొని, ఫైళ్లన్నియు తెఱచుకొనుచున్నవని రూఢి చేసికొన్న పిదపనే పాత డిస్కును చెఱుపవలెను.